కారు కింద మనిషికి చోటు: ఇంటి గ్యారేజీ కట్టుబడి మీద ఒక ప్రసంగం

(విజయనగరంలో, సొంత ఇల్లు కట్టుకుంటున్నవారి కోసం, కార్ల పని నేర్చుకుంటున్నవారి కోసం ఏర్పాటైన సభలో, నలభై ఏళ్లు కార్ల మరమ్మతు చేసిన ఒక మేస్త్రీ గారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డు విని రాశాం.)

సభకు నమస్కారం. ఇంత వానలో ఇంతమంది వచ్చి కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసలో ఇల్లు కట్టుకుంటున్న దంపతులు కనిపిస్తున్నారు, వారి చేతిలో ప్లాను కాగితం చుట్ట కూడా ఉంది. వెనుక పాలిటెక్నిక్ పిల్లలు ఉన్నారు. తలుపు దగ్గర నిలబడినవారిలో నాతో కలిసి పానా పట్టినవారు ఉన్నారు. అయ్యా, లోపలికి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీ అందరినీ ఒక ప్రశ్న అడుగుతాను. ఇంటి ప్లాను గీయించేటప్పుడు దేవుడి గది ఎక్కడ, పొయ్యి ఏ మూల, మెట్లు ఎటు తిరగాలి అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. కారు మాట వచ్చేసరికి ఏం చేస్తాం? అన్నీ అయ్యాక మిగిలిన ముక్కలో ఒక గడి గీసి, అందులో ‘పార్కింగు’ అని రాసి వదిలేస్తాం. కారు నిలిపి, తాళం వేసి లోపలికి వెళ్లిపోయేవారికి ఆ గడి చాలు. ఆదివారం పూట ఆయిల్ మార్చుకుందాం, బ్రేకు ప్యాడ్లు మార్చుకుందాం, తాతగారి నాటి బండిని విప్పి మళ్లీ బిగించి రోడ్డెక్కిద్దాం అనుకునేవారికి మాత్రం చాలదు. ఎందుకు చాలదు? ఆ గడిని కారు కొలతకు గీశారు కాబట్టి. పనిచేసే చోటును గీయవలసింది కారు కొలతకు కాదు, కారు కింద పడుకునే మనిషి కొలతకు. ఈ సాయంత్రం నేను చెప్పే నేల సంగతి, గాలి సంగతి, తలుపు సంగతి, దీపం సంగతి అన్నీ ఈ ఒక్క మాట నుంచే వస్తాయి.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు జరిగినది చెబుతాను. ఊరు పేరు, గ్యారేజీ పేరు వద్దు. తాటాకు పాక, ఎర్రమట్టి నేల, శ్రావణమాసపు ముసురు. ఒక అంబాసిడర్ వెనుక ఎడమ చక్రం విప్పి బ్రేకు డ్రమ్ము పని చేస్తున్నాం. ఎత్తిన కారు కింద ఆనించే ఇనుప జాకీ స్టాండ్లు అనేవి ఉంటాయని కూడా అప్పుడు మాకు తెలియదు. జాకీ కింద ఒక ఇటుక, ఇరుసు కింద రెండు ఇటుకలు, అంతే. నాకంటే రెండేళ్లు చిన్నవాడు, నాతో పనిచేసే కుర్రాడు, కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. టీ వచ్చిందని పిలిస్తే బయటికి దొర్లి, లేచి, గ్లాసు అందుకున్నాడు. గ్లాసు పెదవికి తగిలిందో లేదో, ఇటుక పగిలిన చప్పుడు వినబడింది, బండి వెనుక భాగం ఒక్కసారిగా కూలబడింది. డ్రమ్ము అంచు తడి నేలలోకి రెండంగుళాలు దిగింది. వాడు కింద వదిలి వచ్చిన రింగు పానాను తరువాత లాగి చూస్తే దాని కాడ వంగి ఉంది. పానా ఉన్న చోట అర నిమిషం ముందు వాడి ఛాతీ ఉంది. వాడు ఏమీ మాట్లాడలేదు, చేతిలో గ్లాసు మాత్రం చాలాసేపు వణికింది.

పగిలింది ఇటుకే. కానీ తప్పంతా ఇటుక మీద వేస్తే సరిపోతుందా? ముందు నేల మెత్తబడింది, నేల మెత్తబడ్డాక జాకీ ఒరిగింది, జాకీ ఒరిగాక బరువంతా ఒక ఇటుక మూల మీదికి వచ్చింది. నేల గట్టిగా, మట్టంగా ఉండి ఉంటే ఆ రోజు ఏమీ జరిగేది కాదు. అందుకే నేను గ్యారేజీ మాట ఎత్తినప్పుడల్లా గోడల నుంచి కాదు, నేల నుంచి మొదలుపెడతాను.

నేల కంటే ముందు ఎంత చోటు కావాలో తేల్చుకోవాలి. దీనికి లెక్కలు అక్కరలేదు. మనవాళ్లు పునాది తవ్వే ముందు ముగ్గు పోస్తారు కదా, మీరు ప్లాను గీయించకముందే ముగ్గు పోయండి. ఖాళీ స్థలంలో మీ కారు నిలపండి. నాలుగు తలుపులూ పూర్తిగా తెరవండి, బానెట్ ఎత్తండి, డిక్కీ ఎత్తండి. ఒక పక్క మీరు కారు కిందికి దూరేటట్టు పడుకుని, కాళ్లు ఎక్కడి వరకు వచ్చాయో ఇంట్లోవాళ్లను గుర్తు పెట్టమనండి. మరో పక్క చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ పెట్టి, దాని పిడిని పైకీ కిందికీ ఆడించడానికి ఎంత జాగా పట్టిందో చూడండి. ఆ గుర్తులన్నీ కలుపుతూ చుట్టూ ముగ్గు పోస్తే మీ గ్యారేజీ లోపలి కొలత అదే. అమ్మా, మీ ప్లానులో పార్కింగు ఎంత ఉంది? తొమ్మిది అడుగుల వెడల్పా? తొమ్మిది అడుగుల్లో కారు పడుతుంది, మీరు దిగుతారు, కానీ చక్రం విప్పడానికి కూర్చోలేరు.

అంకెలు కూడా చెబుతాను. మన దేశంలో 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు పన్నులో తగ్గింపు ఉండటం వల్ల, కంపెనీలు ఆ గీత దాటకుండా కార్లు చేస్తున్నాయి. మారుతి డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు అని ఉంటుంది చూడండి, ఆ అయిదు మిల్లీమీటర్లు ఎందుకు తగ్గాయో ఇప్పుడు అర్థమవుతుంది. వెడల్పు అద్దాలు వదిలేస్తే సుమారు మీటరూ ముప్పావు. ఒక పక్క తలుపు తెరవడానికి మీటరు, మరో పక్క మనిషి, జాకీ ఇమడడానికి మీటరూ పావు కలిపితే నాలుగు మీటర్లు, గోడకు అలమర పెట్టుకుంటే ఇంకొంచెం. అంటే లోపల 14 అడుగుల వెడల్పు. పొడవు సంగతి చూస్తే, కారు నాలుగు మీటర్లు, ముందు పనిబల్ల రెండడుగులు, బల్లకూ బంపరుకూ మధ్య మనిషి నిలబడి వంగడానికి మూడడుగులు, వెనుక డిక్కీ దగ్గర రెండున్నర అడుగులు, మొత్తం 21 అడుగులు. పద్నాలుగు ఇరవైఒకట్లు 294 చదరపు అడుగులు, అంటే సుమారు 33 గజాలు. రెండు వందల గజాల స్థలంలో ఆరో వంతు. ఎక్కువే, నేను కాదనను. ఇన్నోవా క్రిస్టా లాంటి బండి ఉంటే దాని పొడవు 4,735 మిల్లీమీటర్లు, కాబట్టి మరో రెండున్నర అడుగులు కలుపుకోవాలి.

అంత స్థలం లేనివారు ఏం చేయాలి? 11 అడుగుల వెడల్పే ఉంటే కారును ఒక గోడకు దగ్గరగా జరిపి నిలపండి, పనిచేసే పక్కనే ఖాళీ మొత్తం ఉంచండి. ఆ పక్క పని అయ్యాక కారును బయటికి తీసి, తిప్పి, వెనక్కు నడుపుతూ లోపలికి తెస్తే రెండో పక్క మీకు ఎదురుగా వస్తుంది. నేను ఎన్నో ఏళ్లు ఇలాగే పనిచేశాను. ఎత్తు విషయంలో జాకీతో పనిచేసేవారికి 10 అడుగుల కప్పు చాలు. ఎప్పటికైనా కారును పైకెత్తే రెండు స్తంభాల లిఫ్టు పెట్టాలనే ఆలోచన ఉంటే 12 అడుగులకు తగ్గకండి, ఎందుకంటే కారు ఆరడుగులు పైకి లేచాక దాని సొంత ఎత్తు మరో అయిదు అడుగులు ఉంటుంది. కప్పు వేశాక ఎత్తు పెంచడం ఎవరి తరమూ కాదు.

నేల

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, దయచేసి ఓపిక పట్టండి.

మన విజయనగరం వీధుల్లో సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసినప్పుడల్లా వీధి మట్టం లేస్తుంది, పాత ఇళ్ల గడపలు కిందికి పోతాయి. అందువల్ల గ్యారేజీ నేల వీధి కంటే అడుగున్నర ఎత్తులో ఉండాలని అడుగుతాను. కానీ అడుగున్నర ఎక్కాలంటే వాలు ఎంత పొడవుండాలి? అడుగు లేవడానికి ఎనిమిది అడుగుల నడక చొప్పున 12 అడుగులు. అంతకంటే నిలువుగా కడితే కారు అడుగు భాగం అంచుకు రాసుకుంటుంది. ఈ 12 అడుగులు మీ స్థలంలోనే ఉండాలి, వీధి కాలువ మీద కట్టకూడదు. కాబట్టి గ్యారేజీని గేటు పక్కనే పెట్టకుండా లోపలికి జరపండి. ఈ ఒక్క సంగతి ప్లాను గీసే రోజునే తేలాలి.

లోపల నింపే ఎర్ర గ్రావెల్‌ను ఒకేసారి కుమ్మరించి పైపైన తొక్కించడం నేను చాలా చోట్ల చూశాను. అలా చేయకండి. ఆరంగుళాల మందాన పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, మళ్లీ ఆరంగుళాలు పోయాలి. దాని మీద ఇసుక, ఆపైన నేల చెమ్మ పైకి రాకుండా మందపాటి పాలిథిన్ షీటు, దాని మీద కాంక్రీటు. కాంక్రీటు సిమెంటు, ఇసుక, కంకర 1 : 1.5 : 3 పాళ్లలో, అయిదు అంగుళాల మందం, లోపల 8 మిల్లీమీటర్ల ఊచలను ఎనిమిది అంగుళాలకు ఒకటి చొప్పున రెండు వైపులా అల్లిన జాలి. లిఫ్టు స్తంభాలు రాబోయే చోట ఆరంగుళాలకు తగ్గకుండా, లిఫ్టు తయారీదారు అడిగినంత మందం ఉంచండి. ఇదంతా ఎందుకు? కారు నాలుగు టైర్ల మీద నిలబడినప్పుడు బరువు అరచేతి వెడల్పున నాలుగు చోట్ల పరచుకుంటుంది. అదే కారు జాకీ స్టాండు మీద ఉన్నప్పుడు సుమారు 300 కిలోల బరువు స్టాండుకున్న నాలుగు ఇనుప పాదాల మీద, అంటే నాలుగు రూపాయి బిళ్లలంత చోటు మీద ఆనుతుంది. పల్చటి గచ్చు అక్కడే పగులుతుంది.

గచ్చు పోశాక చుట్టూ మడులు కట్టి నీళ్లు నిలపండి. మన ఎండలకు పది రోజులు తగ్గకూడదు. కాంక్రీటు పూర్తి బలం 28 రోజులకు వస్తుందని లెక్క, అంతవరకు దాని మీద కారు ఎక్కించకండి, రంగూ పూయించకండి. ఎపాక్సీ అనే గట్టి పూత వేసుకునేవారు ఉంటే అది కూడా ఆ తరువాతి మాటే.

టైల్స్ వేయించవచ్చా అని అడుగుతారు. ఇక్కడ ఉన్నవారిలో సగం మంది మనసులో ఆ ప్రశ్న ఉందని నాకు తెలుసు. పోర్టికో అందంగా ఉండాలని విట్రిఫైడ్ టైల్స్ వేస్తారు, లేదా టెక్కలి గ్రానైట్ పలకలు వేస్తారు. టెక్కలి నీలి గ్రానైట్ మన ప్రాంతానికి గర్వకారణం, దేశదేశాలకు వెళ్తుంది. కానీ మెరుగు పెట్టిన రాయి మీద ఒక చెంచా ఆయిల్ పడితే నిలబడగలమా? టైలు అయితే జాకీ ఆనిన చోట, కింద సిమెంటు అందని బోలు ఉంటే, ఒక్క చిటుక్కుతో చీలిపోతుంది. పనిచేసే చోట కాంక్రీటే ఉండనివ్వండి. వాలు మీద మాత్రం తడిలో టైరు జారకుండా అడ్డగీతలు గీయించండి.

లోపలి నేల నున్నగా ఉండాలని ఎందుకంటానో కూడా చెబుతాను, ఇది ట్రాలీ జాకీ వాడేవారు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి. ట్రాలీ జాకీ చెయ్యి నిటారుగా లేవదు, విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది. అంటే దాని తల కారును ఎత్తుతూ ఎత్తుతూ కొంచెం పక్కకు జరుగుతుంది. కారు జరగదు కాబట్టి జాకీయే తన చిన్న ఇనుప చక్రాల మీద దొర్లుతూ కారు కిందికి వెళ్లాలి. నేల గరుకుగా ఉన్నా, గతుకు ఉన్నా, ఒక చిన్న కంకర రాయి అడ్డం వచ్చినా ఆ చక్రాలు దొర్లవు. అప్పుడు జాకీ తల కారును పక్కకు లాగుతుంది, లేదా పట్టు తప్పి జారుతుంది. అందుకే జాకీ ఎక్కించే ముందు ఆ చోటు చీపురుతో ఊడవమంటాను. అతి శుభ్రం కోసం చెప్పే మాట కాదు ఇది.

మట్టం సంగతి చివరగా. వాననీళ్లు పోవాలని మేస్త్రీలు నేలంతా వాలుగా పోస్తారు. వాలు నేల మీద ఎత్తిన కారు, చక్రాలకు అడ్డుగా చెక్క దిమ్మెలు లేకపోతే, దొర్లాలనే చూస్తుంది. నాలుగు చక్రాలు నిలిచే చోటు రసమట్టం పెట్టి చూస్తే సరిసమానంగా ఉండాలి, వాలు మాత్రం గుమ్మం దగ్గరి నాలుగు అడుగులకే ఇవ్వండి. మేస్త్రీ వినకపోతే దగ్గర నిలబడి నీటిగొట్టంతో చూపించమనండి.

గొయ్యి వద్దంటాను

ఇంటి గ్యారేజీలో గొయ్యి తవ్వించుకుందామని చాలామందికి కోరిక. లిఫ్టు ఖరీదు ఎక్కువ, గొయ్యి చవక, నిలబడి పనిచేసుకోవచ్చు అనిపిస్తుంది. నేనూ గోతుల్లోనే పని నేర్చుకున్నాను. అయినా ఇంట్లో వద్దంటాను, కారణాలు చెబుతాను.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల మీద నీళ్లలా పాకుతూ పల్లానికి దిగుతుంది. గొయ్యి కంటే పల్లం ఏముంది? ఎక్కడో ఫ్యూయల్ పైపు నుంచి చుక్క చుక్కగా కారిన పెట్రోలు ఆవిరై గోతిలో నిండి ఉంటుంది, పైన నిలబడినవారి ముక్కుకు తగలకపోవచ్చు. సున్నాకు ఎంతో దిగువ చలిలో కూడా అంటుకునే ఆవిరి అది, మన మే నెల ఎండలో దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. పగిలిన బల్బు చాలు. ఎల్‌పీజీతో నడిచే కారు ఉంటే ఆ గ్యాసూ బరువైనదే, అదీ కిందికే దిగుతుంది.

రెండో కారణం మన నేలలో నీరు. నాగావళి, వంశధార, చంపావతి తీరాల ఊళ్లలో, చెరువుల పక్క కాలనీల్లో వానాకాలం భూగర్భజలం ఎంత పైకి వస్తుందో మీకు తెలుసు. అయిదు అడుగుల గొయ్యి నీళ్లు ఊరి బావి అవుతుంది. మూడో కారణం ఇంట్లో పిల్లలు, వృద్ధులు. మూత తీసి ఉన్న గోతిలో చీకట్లో కాలు వేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నైరుతిలో గొయ్యి కూడదని వాస్తు చెప్పేవారు ఎలాగూ అంటారు. ఏ మూలనైనా కూడదని నేనంటాను.

గొయ్యి బదులు మంచి జాకీ స్టాండ్లు నాలుగు కొనండి, కారు బరువుకు రెట్టింపు మోయగలవి. జాకీ ఎత్తడానికే, ఆపడానికి కాదు. ఎత్తిన వెంటనే స్టాండు పెట్టి, జాకీ దించి, బరువు స్టాండు మీద ఆనిన తరువాత కారును చేత్తో గట్టిగా కుదిపి చూడండి. కదలాలంటే మీరు కింద లేనప్పుడే కదలాలి. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించకుండా, కారు అంచు కిందికి పడుకోబెట్టి తోయండి. అంతా తప్పినా ఆ చక్రం వెడల్పున మనిషికి చోటు మిగులుతుంది. ఆ రోజు మా పాకలో విప్పిన చక్రం గుమ్మం దగ్గర ఉంది.

గాలి, వాన, తుఫాను

గ్యారేజీలో గాలి రెండు చోట్ల ఆడాలి, నేల దగ్గరా, కప్పు దగ్గరా. పెట్రోలు ఆవిరి, ఎల్‌పీజీ కిందికి దిగుతాయని చెప్పాను. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, లీకైతే కప్పు కింద చేరుతుంది. బ్యాటరీ చార్జింగులో వచ్చే హైడ్రోజనూ పైకే పోతుంది. కిటికీ ఒక్కటి మధ్యలో పెడితే ఈ రెండింటిలో ఏదీ పోదు. ఎదురెదురు గోడలకు నేలకు జానెడు ఎత్తులో జాలీలు, కప్పుకు జానెడు కింద జాలీలు పెట్టండి, ఎలుకలు రాకుండా వల బిగించండి.

ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, వదలదు. తలనొప్పి, మగత, తరువాత లేవలేకపోవడం. షట్టరు దించి ‘రెండు నిమిషాలే కదా’ అని ఇంజను ఆన్ చేయకండి. జాలీలు ఉన్నాయి కదా అని కూడా చేయకండి, తలుపు పూర్తిగా తెరిచి, కారు మూతి కాదు, తోక బయటి వైపు ఉండేటట్టు నిలిపి అప్పుడు స్టార్ట్ చేయండి. తుఫాను రోజుల్లో కరెంటు పోయి జనరేటర్లు తెచ్చుకుంటారు కదా, వాటికీ ఇదే మాట. గ్యారేజీలో పెట్టి తలుపు వేయకండి.

తుఫాను అన్నాను కాబట్టి కప్పు గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. విశాఖ దగ్గర ఒకటి, పలాస దగ్గర ఒకటి, కళింగపట్నం దగ్గర ఒకటి తీరం దాటాయి. మన పైడితల్లమ్మ సిరిమాను వచ్చే రోజులే మనకు తుఫానుల రోజులు. హుద్‌హుద్ తరువాత ఎగిరిపోయిన రేకులను నేను చెట్ల మీద చూశాను. రేకు ఎందుకు ఎగురుతుంది? పైనుంచి గాలి పీకుతుంది, అది సగమే. గుమ్మం తలుపు ఊడి గాలి లోపలికి దూరితే కింది నుంచి కూడా తోస్తుంది. పైన పీకుడు, కింద తోపుడు కలిస్తే ఏ కొక్కెమూ ఆగదు. కాబట్టి కప్పును కాపాడేది తలుపే. స్లాబు వేసుకోగలిగితే స్లాబు వేయండి. రేకులే వేసేవారు చూరు బయటికి జానెడు మించి వదలకండి, రేకులను మోసే ట్రస్సులను స్తంభాలలోని బోల్టులకు బిగించండి, అంచు వరుసల్లో కొక్కేలు రెట్టింపు చేయండి. పది అడుగుల వెడల్పు షట్టరు గాలికి విల్లులా వంగి గాడి నుంచి బయటికి వస్తుంది. మధ్యలో తీసి పెట్టుకునే ఇనుప స్తంభం ఒకటి చేయించుకుని, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున నేలలోని గుంతలో దింపి షట్టరును దానికి ఆనించండి.

గుమ్మం ఏ దిక్కుకు అంటే, పనిచేసేవాడిగా నేను ఉత్తరం కోరుకుంటాను. రోజంతా ఎండ కంట్లో పడకుండా వెలుతురు మాత్రం వస్తుంది. వాయవ్యమో, ఆగ్నేయమో కావాలని ఇంటి పెద్దలు పట్టుబడితే ఆ మూలల్లోనూ మంచి గ్యారేజీ కట్టవచ్చు, దానికోసం ఇంట్లో తగువు పెట్టుకోకండి.

ఇక దీపాలు, కరెంటు. కప్పు నట్టనడుమ ఒక బల్బు పెడితే ఏమవుతుంది? బానెట్ ఎత్తగానే దాని నీడ ఇంజను మీద పడుతుంది, మీరు వంగితే మీ తల నీడ మిగతా దాని మీద పడుతుంది. కారుకు రెండు పక్కలా, పొడవునా, ఎల్‌ఈడీ ట్యూబులైట్లు వేయండి. కారు కిందికి చేత్తో పట్టుకునే చార్జింగ్ దీపం వాడండి, వైరు దీపం వద్దు. సాకెట్లు నేలకు మూడు అడుగుల పైన ఉండాలి, కిందికి దిగిన ఆవిరికి స్విచ్చి నిప్పురవ్వ అందకుండా. గ్యారేజీకి మెయిన్ బోర్డు నుంచి వేరుగా లైను లాగి, కరెంటు లీకైన వెంటనే లైను తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. తడి కాంక్రీటు మీద చెమట వీపుతో పడుకుని డ్రిల్లింగు మిషను పట్టుకునే మనిషికి అదే ప్రాణరక్ష. రేపు కరెంటు కారు కొనవచ్చు అనుకునేవారు 6 చదరపు మిల్లీమీటర్ల వైరు పట్టే గొట్టాన్ని ఇప్పుడే గోడలో వేసి ఉంచండి. 7 కిలోవాట్ల చార్జరుకు 32 ఆంపియర్లు కావాలి. అప్పుడు గోడ పగలగొట్టడం కంటే ఇప్పుడు గొట్టం పెట్టడం తేలిక.

పనిబల్ల మీ మోచేతి ఎత్తుకు ఉండాలి, సుమారు మూడు అడుగులు. మన వైపు పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు గుగ్గిలం దూలాలు దొరుకుతాయి, వాటిని కోయించి పలకలు చేస్తే తరాలు నిలిచే బల్ల అవుతుంది. ఇనుప ముక్కను బిగించి పట్టే వైసును బల్ల మూల, కాలు ఉన్న చోట సరిగ్గా దాని మీద బిగించండి, నడుమ బిగిస్తే సుత్తి దెబ్బకు బల్ల ఎగిరెగిరి పడుతుంది. భోగాపురం, కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారు పానాలను గోడకు బయట వేలాడదీయకండి. ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పడుతుంది. పని అయ్యాక ఆయిల్ గుడ్డతో తుడిచి, మూత ఉన్న చెక్క పెట్టెలో ఉంచండి. పానా తుడవడం పనిలో చివరి భాగం, పని అయ్యాక చేసే వేరే పని కాదు.

కాలిన ఆయిల్ గురించి మీ అందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. చెదలకని దూలాలకు పూయడం మన పల్లెల్లో ఉంది, మిగిలినది కాలువలో పోయడమూ ఉంది. ఊరి కాలువ వెళ్లి కలిసేది చెరువులోనే. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, మూత పెట్టి, అనుమతి ఉన్న సేకరణదారుకు అందేటట్టు ఇవ్వండి. గ్యారేజీ కడిగిన నీళ్లు వీధి కాలువకు పోయే ముందు రెండు గదుల తొట్టి ఒకటి కట్టించండి. మొదటి గదిలో ఆయిల్ పైకి తేలుతుంది, అడుగు నుంచి వంపు గొట్టం ద్వారా నీళ్లు మాత్రమే రెండో గదికి పోతాయి. నాలుగు సిమెంటు బస్తాల పని.

పెట్రోలు నిల్వ పెట్టుకోకండి. 1934 పెట్రోలియం చట్టం లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకు ఒప్పుకుంటుంది, అదీ గాజు సీసా అయితే లీటరుకు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించకుండా, బిరడా బిగించి. నీళ్ల ప్లాస్టిక్ సీసా ఆ జాబితాలోనే లేదు. మంటలార్పే పొడి సిలిండరు ఒకటి, ఇసుక బకెట్లు రెండు ఉంచండి. వాటిని లోపలి మూలలో కాదు, గుమ్మం పక్కన పెట్టండి. మంట లేచినప్పుడు మీరు గుమ్మం వైపు పరుగెత్తుతారు, సిలిండరు అక్కడ ఉంటే చేతికి అందుతుంది.

వెనుక నుంచి ఆ బాబు చెయ్యి ఎత్తాడు. గట్టిగా అడుగు నాయనా. ఇల్లు కట్టి పదేళ్లయింది, పోర్టికోలో టైల్స్ ఉన్నాయి, ఇప్పుడేం చేయాలి అంటున్నాడు. మంచి ప్రశ్న. టైల్స్ అన్నీ పగలగొట్టనక్కరలేదు. ముప్పావు అంగుళం మందమున్న ప్లైవుడ్ పలకలు అడుగున్నర చదరంగా నాలుగు కోయించి, వాటి మీద స్టాండ్లు పెట్టు, అప్పుడు బరువు ఒక్క టైలు మీద కాకుండా పలకంత మేర పరచుకుంటుంది. జాకీ కింద మాత్రం దాని చక్రాలు దొర్లేంత పొడవు పలక వేయాలి. టైల్స్‌ను నాణెంతో తట్టి చూడు, బోలు చప్పుడు వచ్చిన వాటి మీద స్టాండు పెట్టకు. రేపు డబ్బు చేతికి వచ్చినప్పుడు కారు నిలిచే నడిమి పట్టీ వరకే టైల్స్ తీయించి కాంక్రీటు పోయించుకో. అంతవరకు చక్రాలు విప్పే పని వరకే చేసుకో, గేర్‌బాక్సు దించే పని ఆ నేల మీద పెట్టుకోవద్దు.

ప్లాను కాగితాలు తెచ్చినవారు ఈ బల్ల దగ్గరికి రండి. నా దగ్గర సుద్దముక్క, కొలత టేపు ఉన్నాయి. ఈ హాలు నేల మీదే మీ గ్యారేజీకి గీత గీసి చూద్దాం. అమ్మా, ముందు మీదే చూద్దాం, ఆ తొమ్మిది అడుగులది.